కాంటా మీది రెండు బరువులు

మంచిర్యాల ప్రభుత్వ ఆసుపత్రిలోని డయాలసిస్ కేంద్రమైనా, దేశంలో మరే కేంద్రమైనా, గొట్టాలు తగిలించే ముందు పేషెంటును కాంటా ఎక్కిస్తారు. నాలుగు గంటల తర్వాత మళ్ళీ ఎక్కిస్తారు. ఆ రెండు అంకెల తేడాను బట్టి ఒంట్లోంచి ఎంత నీరు తీశారో తెలుస్తుంది. లీటరు నీరంటే కిలో బరువు. డయాలసిస్ పుట్టినప్పుడు ఈ లెక్క లేదు. 1943లో నెదర్లాండ్స్‌లోని కాంపెన్‌లో విలెం కోల్ఫ్ చేసిన యంత్రం ప్రధానంగా రక్తంలోని విషాలను కడగడానికే. ఒత్తిడితో నీటిని కూడా లాగే యంత్రాన్ని ఆ దశాబ్దం రెండో సగంలో స్వీడన్‌లో నిల్స్ ఆల్వాల్ తెచ్చాడు. 1960 మార్చిలో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం క్లైడ్ షీల్డ్స్ చేతికి టెఫ్లాన్ గొట్టం అమర్చి, వారం వారం డయాలసిస్ చేసే దారి వేసింది. షీల్డ్స్‌కున్న తీవ్రమైన రక్తపోటు ఒంట్లో నీరు తీసి, ఉప్పు తగ్గించాకే దారికి వచ్చింది. ఆయన మరో 11 ఏళ్ళు బతికాడు. అదనపు నీరు పోయాక మిగిలే బరువుకు ‘డ్రై వెయిట్’ అన్న పేరు ఆ దశాబ్దంలోనే స్థిరపడింది.

అప్పటి నుంచి కాంటాను నీటి కోసమే చూడటం అలవాటైంది. ఆ అంకెలో కండా, కొవ్వూ కూడా ఉన్నాయన్న సంగతి మీద దృష్టి ఆలస్యంగా పడింది. బరువెక్కువైతే గుండెకు ముప్పని లోకమంతా నమ్ముతుంటే, డయాలసిస్ పేషెంట్లలో అధిక బరువు మరణాలను పెంచడం లేదని 1982లో ఫ్రాన్స్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. 1999లో అమెరికాలోని మిసిసిపీలో లావుగా ఉన్నవాళ్ళే ఎక్కువ కాలం బతుకుతున్నారని తేలింది. 2003లో కమ్యార్ కలాంతర్-జాదే బృందం దీన్ని ‘రివర్స్ ఎపిడెమియాలజీ’ అంది. దీనికి చెప్పే కారణాల్లో ఒకటి లెక్కకు అందేదే. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్ల కన్నా వేగంగా నీరు లాగితే మరణాలు ఎక్కువని 2011 నాటి పరిశోధన చెప్పింది. ఆ హద్దులో నాలుగు గంటల్లో 45 కిలోల మనిషి నుంచి సుమారు 2.3 లీటర్లే తీయగలం, 75 కిలోల మనిషి నుంచి 3.9 లీటర్లు తీయవచ్చు. సింగరేణి ప్రాంతపు ఎండాకాలంలో దాహానికి ఆగలేక మూడు లీటర్లు తాగినప్పుడు బక్కపలచని వాడికే గండం.

అయితే లావెక్కితే చాలా? ఇక్కడ అభ్యంతరాలు బలమైనవే. జబ్బు ముదిరినవాళ్ళు చిక్కిపోతారు, వాళ్ళే ముందు చనిపోతారు, కాబట్టి సన్నదనం కారణం కాదు, గుర్తు మాత్రమే అంటారు. ఇందులో నిజముంది. పైగా ఎత్తుకూ బరువుకూ ముడిపెట్టే బీఎంఐకి కండేదో కొవ్వేదో తెలియదు. మనవాళ్ళు సన్నగా కనబడుతూనే పొట్టలో కొవ్వు మోస్తారని పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఎప్పుడో చూపించారు. శ్రీనివాసన్ బెద్దు బృందం 2003లో కండ బాగా ఉన్న లావువాళ్ళకే మేలు కనిపించిందనీ, కండ తక్కువై కొవ్వు ఎక్కువైన వాళ్ళకు ముప్పు పెరిగిందనీ చెప్పింది. అందుకే నేను లావును సమర్థించను, కండ కరగడాన్నే శత్రువుగా చూస్తాను. కండ రెండు కిలోలు కరిగి, ఆ చోట రెండు కిలోల నీరు చేరితే కాంటా మీద అంకె కదలదు. డ్రై వెయిట్ పాతదే రాసి ఉంటుంది. కాళ్ళు వాచి, ఊపిరి ఆడక, బీపీ పెరిగితే గానీ లోపలి నష్టం బయటపడదు. నెలనెలా బుగ్గలూ, భుజాలూ, దండచేయీ చూసి డ్రై వెయిట్ తిరగరాయాల్సింది ఇందుకే.

మన జిల్లాల్లో ఈ నష్టానికి తోడయ్యేది పాత పథ్యం. కిడ్నీలు పూర్తిగా చెడకముందు డాక్టర్లు పప్పూ, మాంసం తగ్గించమంటారు; అది సరైన సలహానే. డయాలసిస్ మొదలయ్యాక లెక్క మారుతుంది. ఒక్కో విడతలో 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు కొట్టుకుపోతాయి. అందుకే రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని 2020 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంట్లో మాత్రం గుడ్డు పెట్టడానికి ఇప్పటికీ జంకుతారు. ఫాస్ఫరస్ పెరుగుతుందన్న భయం నిరాధారం కాదు, కానీ గుడ్డు తెల్లసొనలో అది చాలా తక్కువ. తెలంగాణలో ప్రభుత్వ సాయం ఉంది: ఆరోగ్యశ్రీ డయాలసిస్ ఖర్చు భరిస్తోంది, 2023లో డయాలసిస్ పేషెంట్లకు నెలకు రూ. 2,016 పింఛను కూడా మొదలైంది. టీబీ రోగికి మందుతో పాటు తిండి కూడా చికిత్సేనని గుర్తించి 2018లో కేంద్రం నిక్షయ్ పోషణ్ యోజన పెట్టింది. అలాగే డయాలసిస్ మంచం మీదున్న మనిషికి రోజుకు రెండు గుడ్లు ఆసుపత్రే ఇచ్చే ఏర్పాటు చేయాలి. పింఛను డబ్బులు దారిఖర్చులకూ, మందులకూ చాలవు.