పట్నం చూడబోయిన రోజు

పట్నం పోయొచ్చినోళ్లు ఊళ్లో చెప్పే మాటలు మూడే. చార్మినార్ చూసినం, బిర్యానీ తిన్నం, గాజులు కొన్నం. మా నల్లగొండ వైపు హైదరాబాదు పేరు పట్నమే. మా అమ్మలకు ఆ పట్నంలో ఇంకో రెండు జాగాలు తెలుసు: ఉస్మానియా దవాఖాన, నాంపల్లి యూసుఫైన్ దర్గా. రోగం తగ్గితే దర్గాకు పోయి చాదర్ కప్పేవాళ్లు, తగ్గకపోయినా పోయేవాళ్లు. లాడ్‌బజార్ తొక్కేది ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడే. ఊరికే చూడడానికి పట్నం పోవడం వాళ్లెరగరు.

మేము చూడడానికే పోయాం. ఐదుగురం. ఇద్దరం ముస్లింలం, ముగ్గురు కాదు. ఆ ముగ్గురిలో ఒకరు మిత్రుడి భార్య, మేమంతా వదినా అని పిలిచే మనిషి. ఒకే కాలేజీలో చదివి, ఒకే సభల్లో కూచుని, ఒకే పత్రికలకు రాసినవాళ్లం. ఇమ్లీబన్‌లో బస్సు దిగి మూసీ దాటేటప్పుడు అందరి నోటా "మనం" అనే మాటే. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. తెలుగులో ఈ రెండూ వేరు. ఆ రోజు పొద్దుగూకే లోపల ఈ రెంటి మధ్య ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాం. చెప్పాలంటే మధ్యలో చరిత్ర రాక తప్పదు.

నయాపూల్ మీద నిలబడితే ఒక గట్టున హైకోర్టు భవనం, ఇంకో గట్టున ఉస్మానియా దవాఖాన. 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ పొంగి దాదాపు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. దవాఖాన ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా దారికి రెండు వైపులా ఉన్న పత్తర్‌గట్టి రాతి కమాన్లు ఆ వరద తర్వాత లేచినవే. చూసేవాళ్లంతా కుతుబ్‌షాహీల కాలంవనుకుంటారు. మేమూ అట్లాగే అనుకునేవాళ్లం.

చార్మినార్ 1591 నాటిది. హిజ్రీ లెక్కన వెయ్యో ఏడు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. ఇరుకు మెట్లెక్కి పైకి పోతే నాలుగు దిక్కులా నాలుగు బజార్లు. కింద ఒక గైడు భాగమతి ప్రేమకథ చెప్తున్నాడు. షేర్వాణీ లాంటి చరిత్రకారులు ఒప్పుకోని కథ అది. కానీ టూరిస్టులకు అదే కావాలి. అది వింటూనే మిత్రుడు మా భుజం తట్టి, "మీ నవాబులు భలే కట్టిన్రు రా" అన్నాడు.

మెచ్చుకోలుగానే అన్నాడు. అయినా ఆ "మీ" దగ్గర మాకు కాలు ఆగిపోయింది.

మా నవాబులు ఎవరు? మా తాతలు ఒకరు దూది ఏకినవాడు, ఇంకొకరు ఊరూరా అత్తరు, సుర్మా అమ్మినవాడు. ఊళ్లో దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లు. ఆ దొర హిందువే. నిజాం రాజ్యంలో పల్లెను ఏలింది దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు, సంస్థానాధీశులు. వాళ్లలో రెడ్లు, వెలమలు ఎంతమందో అందరికీ తెలుసు. పట్నంలో దివాన్ పదవి చేసినవాళ్లలో మహారాజా కిషన్ పర్షాద్ కూడా ఉన్నాడు. రాజ్యం పోయాక దొర భూమి దొరకే ఉంది. నవాబుగిరీ మాత్రం మా నెత్తిన పడింది.

చార్మినార్ పక్కనే మక్కా మసీదు. 1617లో మొదలై, గోల్కొండ కూలిన తర్వాత ఔరంగజేబు కాలంలో పూర్తయింది. తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు పని నడుస్తుండగానే చూసి, అందులో ఒక్క పెద్ద రాయి సంగతి రాసిపెట్టాడు. దాన్ని తవ్వి తీయడానికి ఐదారు వందల మందికి ఐదేళ్లు పట్టిందట. లాక్కురావడానికి 1400 ఎడ్లట. ఎడ్ల లెక్క దొరికింది, మనుషుల పేర్లు దొరకలేదు. మాకు తాతలు కావలసినవాళ్లు ఆ ఐదారు వందల్లో ఉంటారు. మిత్రుడి తాతలు కూడా అక్కడే ఉండి ఉంటారు.

ఇంకో మాట కూడా అడిగారు ఆ రోజు. హోటల్లో పక్క బల్ల మీది పెద్దాయన. "ముస్లింలై ఉండి తెలుగు ఇంత బాగా ఎట్లా మాట్లాడుతరండి?" ఈ ప్రశ్న మాకు కొత్త కాదు, సభల్లో దండలు వేసి మరీ అడుగుతారు. కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. సంస్కృతం కలవని అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం, పొన్నిగంటి తెలగన యయాతి చరిత్ర, అంకితం పుచ్చుకున్నది ఆ ఇబ్రహీం కొలువులోని అమీన్‌ఖాన్. ఇవన్నీ సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. పరీక్షల కోసం చదివి మర్చిపోయినవాళ్లే మమ్మల్ని తెలుగు ఎట్లా వచ్చని అడుగుతారు.

అయితే దాచుకోవడమెందుకు, పాతబస్తీలో మా పరిస్థితి కూడా విచిత్రమే. టీ తాగిన చోట మేము ఉర్దూలో మాట్లాడితే అక్కడి కుర్రాడు మూతి బిగించి నవ్వాడు. సగం తెలుగు కలిసిన మా ఉర్దూ వాళ్లకు పల్లెటూరి భాష. "కౌన్సా గాఁవ్ భాయ్?" అన్నాడు. తెలుగువాడికి మేము తురకలం, పట్నం తురకకు మేము ఊరోళ్లం. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు మాత్రం బాగున్నాయి.

చౌమహల్లా ప్యాలెస్ దగ్గర మూడో మిత్రుడు నోరు జారాడు. "ఇక్కడ కూసొనే గదా రజాకార్లను ఊర్ల మీదికి తోలింది" అని. రజాకార్లు చేసిన ఘోరాలను మేము కాదనం. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగింది మా ముసలివాళ్లకూ తెలుసు. ఆ నెలలోనే రజాకార్లు నడిరోడ్డు మీద నరికిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? అంతకుముందు, 1940లో, విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో భూమి కోసం కోర్టుల చుట్టూ తిరిగి గెలిచి, గెలిచినందుకే హత్యకు గురైన షేక్ బందగీ ఎవరు? మా భూమి నాటకం చూసి చప్పట్లు కొట్టినవాళ్లకు బందగీ గుర్తుంటాడు. ఆయన మావాడని మాత్రం గుర్తుండదు.

సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత జరిగింది ఏ గైడూ చెప్పడు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలను ఊచకోత కోశారు. ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీయే 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక జనం ముందుకు వచ్చింది 2013లో. మిగిలినవాళ్లలో చాలామంది తలదాచుకోవడానికి ఈ పట్నానికే వచ్చారు. ఇక్కడ మాత్రం ఏముంది? నిజాం ఫౌజు చెదిరిపోయింది, 1949లో జాగీర్లు పోయాయి, వాటిని నమ్ముకున్న సిపాయి, గుమాస్తా, వంటవాడు, బండి తోలేవాడు అందరూ రోడ్డున పడ్డారు. బార్కస్ అనే పేరు బ్యారక్స్ నుంచి వచ్చింది, నిజాం దగ్గర సిపాయిలుగా ఉన్న అరబ్బుల బస్తీ అది. రంజాన్‌లో జనం వరసకట్టి తినే హలీమ్‌కు మూలం ఆ అరబ్బుల హరీస్. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వంటకు గుర్తింపు వచ్చిందని సంతోషపడ్డాం.

మిత్రుడికి ఇదంతా చెప్పాం. విన్నాడు. "ఇవి మాకెవ్వరూ చెప్పలే" అన్నాడు. నిజమే, అతని తప్పు కాదు.

మధ్యాహ్నం బిర్యానీ. ప్లేటు రాగానే ఒకరు మెల్లగా, "మటనే గదా?" అని అడిగారు. మటనే. పెద్దకూరతో చేసే కల్యాణీ బిర్యానీ బీదవాళ్ల బిర్యానీ, పెద్ద హోటళ్ల మెనూలో దాని పేరు కనపడడం తక్కువ. తిన్నంతసేపూ ఈ రుచి ఇంకెక్కడా రాదని పొగుడుతూనే ఉన్నారు. మాలో ఒకరికి మాత్రం ముద్ద దిగలేదు. అంతకు ముందు ఏడాది ఇదే మిత్రుడు ఉండే అపార్టుమెంటులో ఇల్లు ఖాళీ ఉందంటే అద్దెకు అడగబోయాడు. పేరు చెప్పగానే ఓనరు "నాన్‌వెజ్ వండేవాళ్లకు ఇయ్యం" అన్నాడు. మిత్రుడు అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు బొక్క జుర్రుతూ ఆ మాట అతనికి గుర్తు లేదు. మేమూ గుర్తు చేయలేదు. స్నేహం చెడుతుందని ఊరుకున్న మాటలు మా దగ్గర చాలా ఉన్నాయి.

లాడ్‌బజార్‌లో గంటన్నర పట్టింది. వదినకు లక్కగాజులు కావాలి. మాతో ఉర్దూలో మాట్లాడిన దుకాణదారు వదిన వైపు తిరిగి మంచి తెలుగులో, "మేడం, ఈ జోడు చూడండి" అన్నాడు. ఏడు వందలు చెప్పాడు. వదిన మూడు వందల నుంచి మొదలుపెట్టింది. మేము పక్కన నిలబడి ఆ గాజునే చూస్తున్నాం.

లక్కను బొగ్గుల సెగ మీద మెత్తగా చేస్తారు. రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, లోహపు కడియం చుట్టూ అద్దుతారు. మళ్లీ సెగ చూపి ఒక్కొక్క రాయినీ పొదుగుతారు. వేళ్ల కొసలు కాలి మొద్దుబారిపోతాయి. దుకాణం వెనక ఈ పని ఉండదు, తలాబ్‌కట్ట లాంటి బస్తీల్లో ఒంటిగది ఇళ్లలో ఉంటుంది. ఆడవాళ్లూ పిల్లలూ చేస్తారు, కూలీ జోడుల లెక్కన. 2015 జనవరిలో పోలీసులు ఆ బస్తీల్లోని గాజుల ఖార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా పిల్లలను విడిపించారు. బీహారు నుంచి తెచ్చిన పిల్లలు. పనిలో పెట్టుకున్నవాళ్లలో మావాళ్లే ఉన్నారు, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. 2024లో ఈ గాజులకూ భౌగోళిక గుర్తింపు దొరికింది. ఆ మనుషుల సంగతి అడిగితే 2007 చట్టం చూడాలి: బీసీ-ఈ కింద నాలుగు శాతం. ఆ జాబితాలో అత్తరు సాయిబులు, ఫకీర్లు, హజాంలు, ఖురేషీలు, గారడీ సాయిబులు, ముస్లిం చాకళ్లు. దూదేకులవాళ్లు బీసీ-బీలో, మెహతర్లు బీసీ-ఏలో ముందునుంచే ఉన్నారు. నవాబుల కులం ఏదీ అందులో లేదు. ఇంతా చేసి ఈ కోటాను మతం కోటా అని తిడుతున్నారు.

బేరం నాలుగున్నర వందలకు తెగింది.

తిరిగొస్తూ మక్కా మసీదు ఆవరణలోకి పోయాం. పావురాలు, గింజలమ్మే ముసలివాళ్లు. 2007 మే 18, శుక్రవారం, ఇక్కడ నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. బయట పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయారు. ఆ తర్వాత పాతబస్తీ కుర్రాళ్లనే పట్టుకుపోయారు. వాళ్లను హింసించారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ పంపిన న్యాయవాది నివేదిక ఇచ్చాడు. నిర్దోషులని తేలినవాళ్లకు 2012లో ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. కేసు తర్వాత వేరేవాళ్ల మీదికి పోయింది, 2018 ఏప్రిల్‌లో ఆ ఐదుగురినీ కోర్టు విడిచిపెట్టింది. పద్నాలుగు మంది మాత్రం రాలేదు. మాలో ఒకరు హౌజ్ దగ్గర వజూ చేసుకుని నమాజుకు నిలబడ్డాడు, రెండోవాడు నిలబడలేదు. అతను నమాజు చేయడు. ముగ్గురు మిత్రులూ దూరంగా చెప్పుల దగ్గర కూచున్నారు. పేలుడు సంగతి విని వదిన లేచి ఆ నీళ్లవైపు చాలాసేపు చూసింది. "ఇక్కడికి రావాలంటే మీకు భయం కాదా?" అంది.

"మాకా? ఇక్కడ భయం లేదు వదినా. అద్దె ఇల్లు అడగడానికి పోతే భయమైతది" అన్నాడు ఇల్లు దొరకనివాడు. మిత్రుడు తల వంచుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

బస్సులో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. చౌటుప్పల్ దాటాక వదిన సంచి విప్పి చూసుకుంటే ఒక గాజు రాయి ఊడి చేతిలోకి వచ్చింది. దీపం సెగ చూపి వెంటనే అద్దితే అతుక్కుంటుందని, మా అమ్మ అట్లాగే చేసేదని చెప్పాం. ఆమె రాయిని కొంగుకు ముడేసుకుంటూ, "అయితే అమ్మను అడుగుదాం, మన దగ్గర లాంతరు ఉన్నదా?" అంది.