మూత్రపిండ వ్యాధుల జీవసూచికలు

మూత్రపిండ వ్యాధుల జీవసూచికలు అనగా మూత్రపిండాల పనితీరును, వాటికి జరుగుతున్న హానిని తెలుసుకొనుటకు రక్తంలోను, మూత్రంలోను కొలిచే పదార్థాలు. వీటిని బయోమార్కర్లు అని కూడా అంటారు. మూత్రపిండాల పనితీరు సగానికి తగ్గినా చాలామందికి ఏ బాధా తెలియదు. అందువలన వ్యాధిని తొలిదశలో గుర్తించుటకు ఈ పరీక్షలే ముఖ్య ఆధారం. రక్తపరీక్ష ప్రధానంగా మిగిలి ఉన్న పనితీరును, మూత్రపరీక్ష జరుగుతున్న హానిని తెలుపుతాయి. కనుక ఒకటి చేస్తే రెండవది అక్కరలేదనుకోరాదు.

చరిత్ర

లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో ఒంటివాపునకు, వేడిచేస్తే గడ్డకట్టే అల్బుమిన్ గల మూత్రానికి, మూత్రపిండాల వ్యాధికి గల సంబంధాన్ని వివరించాడు. 1886లో జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ జాఫే, క్షార ద్రావణంలో క్రియాటినిన్ పిక్రిక్ ఆమ్లంతో కలిసి నారింజ ఎరుపు రంగునిస్తుందని కనుగొన్నాడు. ఈ చర్యపై ఆధారపడిన పరీక్ష నేటికీ అనేక ప్రయోగశాలలలో వాడుకలో ఉంది.

రక్తంలోని సూచికలు

క్రియాటినిన్: ఇది కండరాలలో తయారయ్యే వ్యర్థపదార్థం. మూత్రపిండాల వడపోత తగ్గితే రక్తంలో దీని మోతాదు పెరుగుతుంది. అయితే కండ తక్కువగా ఉన్నవారిలో ఇది తక్కువగా తయారవుతుంది కాబట్టి అంకె ఒక్కటే చూస్తే పొరపడే అవకాశముంది. అందుచేత వయస్సు, లింగభేదాలను కూడా లెక్కలోకి తీసుకొని వడపోత వేగాన్ని అంచనా వేస్తారు. ఉదాహరణకు డెసిలీటరుకు 1.1 మిల్లీగ్రాముల క్రియాటినిన్ ఉన్నపుడు, 2021 నాటి సూత్రం ప్రకారం 25 ఏళ్ళ పురుషునికి ఈ వేగం నిమిషానికి సుమారు 95 మిల్లీలీటర్లు, 70 ఏళ్ళ స్త్రీకి సుమారు 54 మాత్రమే. ఈ వేగం 60 కంటే తక్కువగా 3 నెలలకు మించి కొనసాగితే దానిని దీర్ఘకాల మూత్రపిండ వ్యాధిగా పరిగణిస్తారు.

యూరియా: ఒంటిలో నీరు తగ్గినా, మాంసకృత్తులు ఎక్కువగా తిన్నా ఇది పెరుగుతుంది. కనుక దీనిని ఒంటరిగా నమ్మరు.

సిస్టాటిన్ సి: ఇది కేంద్రకం గల కణాలన్నింటిలో తయారయ్యే చిన్న ప్రోటీను. కండరాల పరిమాణంపై అంతగా ఆధారపడదు. వృద్ధులకు, బాగా చిక్కిపోయినవారికి ఉపయోగకరం.

మూత్రంలోని సూచికలు

అల్బుమిన్: వడపోత పొర దెబ్బతింటే ఈ ప్రోటీను మూత్రంలోకి జారుతుంది. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణం. 30 నుండి 300 వరకు మధ్యస్థం. 300 దాటితే తీవ్రం. జ్వరం, కఠిన వ్యాయామం, మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉన్నపుడు తాత్కాలికంగా పెరగవచ్చు కాబట్టి ఉదయపు మూత్రంతో పరీక్షను మరల చేస్తారు.

ఎర్రరక్తకణాల అచ్చులు: సూక్ష్మదర్శినిలో కనిపించే ఈ గొట్టపు ఆకారాలు వడపోత గుచ్ఛాలలో వాపు ఉన్నదనుటకు బలమైన గుర్తు.

నాళికల సూచికలు: ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్ వంటి చిన్న ప్రోటీన్లను మూత్రనాళికలు సాధారణంగా తిరిగి పీల్చుకుంటాయి. అవి మూత్రంలో కనిపిస్తే నాళికలు దెబ్బతిన్నట్లు భావించాలి.

వ్యాధి తీవ్రతను తెలిపేవి

లూపస్ వలన కలిగే మూత్రపిండ వ్యాధి విజృంభించినపుడు తరచుగా రక్తంలో డీఎన్ఏ వ్యతిరేక ప్రతిరక్షకాలు పెరిగి, సీ3, సీ4 అనే ప్రోటీన్లు తగ్గుతాయి. మెంబ్రేనస్ నెఫ్రోపతీ రోగులలో అధిక శాతం మందికి పీఎల్ఏ2ఆర్ అనే ప్రోటీనుపై ప్రతిరక్షకాలు ఉన్నట్లు 2009లో వెల్లడైంది. చికిత్స ఫలించేటపుడు మూత్రంలో ప్రోటీను తగ్గడానికి ముందే ఇవి తగ్గుతాయి. అయినప్పటికీ అనేక సందర్భాలలో మూత్రపిండపు ముక్కను తీసి పరీక్షించడం తప్పనిసరి.

ఉద్దానం అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మధుమేహం, అధిక రక్తపోటు లేనివారిలో కూడా దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి విస్తారంగా ఉంది. దీని కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. ఇక్కడ హాని ప్రధానంగా నాళికలలోను, వాటి చుట్టూ ఉన్న కణజాలంలోను జరుగుతున్నందున చాలామంది రోగుల మూత్రంలో అల్బుమిన్ స్వల్పంగానే ఉంటుంది. కేవలం మూత్రంలో పట్టీ ముంచి చూసే పరీక్షతో సరిపెడితే ఇటువంటివారు తప్పిపోతారు. రక్తంలో క్రియాటినిన్ కూడా పరీక్షించడం ఇక్కడ అత్యవసరం.