కాకిని చూపిస్తే పావలా

మిరపకట్టె వేయమాకరా నాన్నా. దాంట్లో ఒక్క ఎండుకాయ దాగున్నా చాలు, ఆ కోరుకి ఇంటిల్లిపాదీ దగ్గాల్సి వస్తది. కందికంప వెయ్యి. ఆ, అట్టా. అందరూ దగ్గరికి జరగండి, మంట మీదికి మాత్రం పోబాకండి.

రేపు కోటప్పకొండకి పోదామన్నారు గదా. మీ నాన్నేమో కారు తీస్తే ఎంతసేపు, ఘాటు రోడ్డెక్కితే సరాసరి గుడి ముందే దిగుతాం అంటున్నాడు. నిజమే. ఆ రోడ్డంటే నాకూ గౌరవమే. మోకాళ్లు అరిగిన ముసలాళ్లు, చంకలో బిడ్డలున్న తల్లులు ఆ రోడ్డు పుణ్యానే స్వామిని చూస్తున్నారు. మన మండలంలోని కండ్లగుంటలో పుట్టిన కోడెల శివప్రసాదరావు గారు, 1983 నుంచి వరసగా ఐదుసార్లు నరసరావుపేటలో ఎమ్మెల్యేగా గెలిచినాయన, పట్టుబట్టి ఆ కొండను బాగుచేయించాడు. ఆ మేలు మర్చిపోకూడదు. అయినా రేపు మిమ్మల్ని నేను మెట్ల మీదుగానే తీసుకుపోతా. ఎందుకో చెప్తా, వినండి.

1967లో మాట. నాకు పదేళ్లు. ఆ ఏడు ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి సాగర్ కాలవలకి నీళ్లొదిలింది. నేను చెప్పేది దానికి ముందు శివరాత్రి. అప్పటికి మన నకరికల్లు చుట్టూ ఈ పచ్చదనం లేదు. జొన్న, సజ్జ, వరిగ, వాన పడితే పంట, లేకపోతే లేదు. ఏడాదికోసారి మా పిల్లలకి ఊరు దాటే యోగం పట్టేది కోటయ్య తిరణాలకే.

మన ఊరి నుంచి పేట మీదుగా కొండకి రెండున్నర ఆమడ. పొద్దుగూకంగానే మూడు బండ్లు కట్టారు. ఒక బండిలో ఆడోళ్లు, ఒక బండిలో చొప్ప, తపేలాలు, మూడోదాంట్లో మేం పదకొండు మంది పిల్లలం, మాకు కాపలా మా పెదనాయన. ఎద్దుల మెడలో గజ్జెలు ఘల్లుఘల్లుమంటుంటే ఎప్పుడు నిద్రపోయామో తెలియదు. మెలకువొచ్చేసరికి తెల్లారగట్ట, మా ఎదురుగా నల్లగా మూడు తలలతో కొండ. బ్రహ్మ శిఖరం, విష్ణు శిఖరం, రుద్ర శిఖరం. అందుకే త్రికూటం. స్వామి త్రికూటేశ్వరుడు. మనకి మాత్రం కోటయ్యే.

శివరాత్రి నాడు మెట్ల మీద ఇసకేస్తే రాలదు. అందుకని ముందురోజే పిల్లల్ని ఎక్కించాలని పెద్దోళ్ల ఏర్పాటు. దారి చూపించేది పెదనాయన. పాతికసార్లకి పైగా ఎక్కినోడు. మనిషి భారీ, పొట్ట ఆయనకంటే ఒక మెట్టు ముందు నడిచేది. చేతిలో కానుగ కర్ర, భుజాన తువ్వాలు, నడుముకి చిల్లర సంచి. మొదటి మెట్టు కాడ మమ్మల్ని నిలబెట్టి చెప్పాడు.

"గుడి చేరేదాకా ఒక్కడు కూడా వెనక్కి తిరిగి చూడగూడదు. చూస్తే ఏమవుద్దో పైన చెప్తా. రెండోది, ఈ కొండ మీద కాకి వాలదు. ఎవరన్నా కాకిని చూపిస్తే పావలా ఇస్తా."

నయాపైసలొచ్చి అప్పటికి పదేళ్లయినా మా నోళ్లలో పావలా, బేడ పోలా. పావలా అంటే తిరణాలలో రంగులరాట్నం ఎక్కి, జీళ్లు కొనుక్కోవచ్చు. ఇంకేముంది, పదకొండు తలకాయలు ఆకాశంలోకి లేచినయ్యి. కాలినొప్పి అన్న మాట ఎవరికీ గుర్తే లేదు. ఆ పావలా ఎందుకు పెట్టాడో నాకు పిల్లలు పుట్టాక గాని తెలిసిరాలా.

ఎక్కుతూ "చేదుకో కోటయ్యా, చేదుకో!" అని అరవాలి. చేదుకో అంటే తెలుసా మీకు? మీరు మోటారు మీట నొక్కితే నీళ్లొస్తయ్. మాకు బావిలోకి బొక్కెన వదిలి, చేంతాడుతో పైకి లాగాలి. దాన్ని చేదడం అంటారు. స్వామి పైన గిలక కాడ నిలబడి ఉన్నాడు, మనం నూతిలో బొక్కెనలం, ఆయన చేదుకుంటేనే పైకి పోతాం. ఆ కేకలో ఉన్న అర్థం అది. ఇంత చక్కని మొక్కు ఇంకెక్కడన్నా ఉందేమో నాకైతే తెలియదు. ధనం ఇయ్యమని కాదు, లాక్కోమని.

పెదనాయన ఆ మాటని ఇంకొంచెం దూరం లాగాడు. ముప్పై మెట్లెక్కేసరికి ఆయనకి ఆయాసం. ఠక్కున ఆగి కర్ర అడ్డం పెట్టేవాడు. "ఆగండ్రా, చేంతాడు మెలిపడింది. స్వామి సరిచేస్తన్నాడు." ఇంకో ముప్పై మెట్లు. "ఆయన చేతులు నొప్పెడతన్నయ్యంట, కాసేపు ఆగమన్నాడు." ఇంకోసారి, "గిలక కిర్రుమంటంది, ఆముదం పోస్తన్నాడు." మేం నిజమేననుకుని చెవులు రిక్కించి గిలక మోత కోసం వినేవాళ్లం. మా చిన్నాన్న కొడుకు, అయిదేళ్లోడు, "నాకు వినపడింది" అని కూడా అన్నాడు.

ఆగినప్పుడల్లా గొల్లభామ కథలో ఒక ముక్క చెప్పేవాడు. ఆమె పేరు ఆనందవల్లి. గొల్లోళ్ల పిల్ల. అప్పట్లో స్వామి ఉండేది రుద్ర శిఖరం మీద. ఇప్పటికీ దాన్ని పాత కోటయ్య గుడి అంటారు. ఆ పిల్ల రోజూ అంత ఎత్తుకీ ఎక్కి పూజ చేసేది. ఒకరోజు అభిషేకానికి బిందెతో నీళ్లు తెచ్చి పెడితే కాకి వాలి బిందె ఒలకబోసింది. "మీ జాతి ఈ కొండ మీద వాలకుండు గాక" అని శపించింది. "ఆ తర్వాత..." అని పెదనాయన లేచేవాడు. ఆ తర్వాత ఏమయిందో పై మలుపులోనే చెప్తాడు. కథ కోసం మేం ఆయన కంటే ముందు పరిగెత్తేవాళ్లం.

సగం దారిలో మా తమ్ముడు గావుకేక పెట్టాడు. "కాకి! పెదనాయనా, కాకి!"

పొదలో నల్లటి పిట్ట. కాకంత ఉంది. ఎర్రటి కళ్లు, ఇటికరంగు రెక్కలు, పొడుగాటి తోక. గుప్పు గుప్పుమని అరుస్తంది. జెముడుకాకి.

పెదనాయన చూసి నవ్వాడు. "అది జెముడుకాకిరా."

"పేరులో కాకి ఉందిగా. ఇయ్యి పావలా."

"సీతాకోకచిలుక చిలకేనంట్రా? పలుకుద్దా?"

"పలకదు గాని, ఎగురుద్దిగా!"

పెదనాయన నోరు మూతపడింది. వెనకొచ్చే వాళ్లు కూడా ఆగారు. ఒక ముసలమ్మ మా తమ్ముడి వైపు, పూజ బుట్ట పట్టుకున్నాయన పెదనాయన వైపు. ఆ బుట్టాయన జెముడుకాకి కోయిల జాతిదేగాని కాకుల జాతిది కాదన్నాడు. ముసలమ్మేమో, "కోయిలైతే పసోడికేంటి, నోరారా కాకన్నాడు, ఇచ్చెయ్" అంది. అయిదు నిమిషాల పంచాయితీ అయ్యాక పెదనాయన తీర్పు చెప్పాడు. "పేరులో సగం జెముడు, సగం కాకి. కాబట్టి సగం పావలా." చిల్లర సంచి విప్పి మా తమ్ముడి చేతిలో బేడకి సరిపడా పైసలు లెక్కపెట్టాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ తగువొచ్చినా "జెముడుకాకి తీర్పు చెయ్యండి" అనేవాళ్లు.

ఇంకాస్త ఎక్కాక కథ చివరికొచ్చింది. ఆనందవల్లిని సంసారం వైపు మళ్లించాలని స్వామి ఆమె కడుపు పండించాడంట. అయినా ఆమె ఎక్కడం మానలా. నెలలు నిండుతుంటే, "నేనిక ఎక్కలేను స్వామీ, నువ్వే కిందికి రా" అని వేడుకుంది. "సరే, వస్తా. నువ్వు ముందు నడువు. వెనక్కి మాత్రం చూడమాక" అన్నాడు స్వామి. ఆమె దిగుతుంటే వెనక కొండలు పగిలే చప్పుడు. బ్రహ్మ శిఖరం కాడికొచ్చేసరికి తట్టుకోలేక తిరిగి చూసింది. అంతే. స్వామి ఆడే ఆగి లింగమయ్యాడు.

ఆ మాటయ్యేసరికి మేం గుడి ముందున్నాం. పెదనాయన రొప్పుతూ, తువ్వాలుతో మొహం తుడుచుకుని, చాలా మెల్లగా అన్నాడు.

"ఆమె వెనక్కి చూసిన చోటు ఇదే. ఇప్పుడు మీరూ చూడండి."

పదకొండు మందిమీ ఒక్కసారే తిరిగాం. అబ్బా! అంతసేపూ మెట్లు, పొదలు, పెదనాయన వీపు తప్ప ఏమీ చూడనోళ్లకి ఒక్కసారే లోకమంతా కాళ్ల కింద పరిచినట్టయింది. చెరువులు అద్దం ముక్కల్లాగా, దారుల మీద బండ్లు చీమల బారులాగా, ఆ బండ్ల మధ్యన రంగురంగుల ప్రభలు ఊగుకుంటా. నేను నోరు తెరిచి మూయలా. మొదటి మెట్టు నుంచే చూస్తా ఎక్కితే అంత ఉండేది కాదు.

"మన ఊరేది పెదనాయనా?" అన్నారెవరో. ఆయన కర్ర ఉత్తరానికి చాపి, "అదిగో, మంచులో నల్లగా కనపడతందే, అది మన ఇంటెనక వేపచెట్టు" అన్నాడు. రెండున్నర ఆమడ అవతలున్న వేపచెట్టు! "ఆ, కనపడింది" అన్నాం పదకొండు మందిమీ. నా కళ్లకి దాని కింద కట్టేసిన బర్రె కూడా కనపడింది.

గుళ్లో నేను అడిగాను, అమ్మవారు ఏదీ అని. ఇక్కడ స్వామి దక్షిణామూర్తి, బ్రహ్మచారి, అందుకే అమ్మవారు ఉండదు, కల్యాణం చెయ్యరు అని చెప్పారు. వెలనాటి చోడుల కాలానికే ఉన్న గుడి. ఎనిమిదొందల ఏళ్ల పైమాట.

దిగే ముందు పెదనాయన మమ్మల్ని ఒక బండ మీద కూర్చోబెట్టి కింద తిరణాల మైదానం చూపించాడు. అప్పుడు మాత్రం ఆయన మొహాన నవ్వు లేదు. 1909 శివరాత్రి తిరణాలలో జరిగిన కోటప్పకొండ దొమ్మి గురించి చెప్పాడు. చిన్నపరెడ్డి అనే ఆయన ఎద్దుల కాడ పోలీసులతో మొదలైన గొడవ, కాల్పులు, పోలీసుల పాక తగలబడటం, చివరికి తెల్లదొరల ప్రభుత్వం చిన్నపరెడ్డిని ఉరి తీయడం. "ఆయన మీద జనం పాటలు కట్టుకున్నారు. మా నాయన పాడేవాడు" అన్నాడు. పాడమంటే తల అడ్డంగా ఊపాడు. కొంగలు ఎగిరిపోతుంటే అటే చూస్తా చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు శివరాత్రి. కావూరు, పురుషోత్తమపట్నం ఇంకా ఎన్నో ఊళ్ల ప్రభలు. వెదురుబొంగులతో కట్టి, రంగు కాయితాలు, బొమ్మలు అతికించి, జతలు జతలుగా ఎద్దుల్ని కట్టి లాగేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నయ్, కరెంటు బల్బులతో ఒక్కోటి ఆకాశాన్ని తాకుతంది. కోటి మీద ఒక్క ప్రభ వచ్చిన నాడు కొండ దిగి వస్తానని స్వామి మాటిచ్చాడంట. అందుకే ప్రతి ఊరూ, ఆ ఒక్కటీ మనదే కావాలని కడతది.

ఆ వెలుగుల్లో, ఆ జనంలో మా చిన్నాన్న కొడుకు తప్పిపోయాడు. వాడి పేరు వేరే చెప్పాలా? కోటయ్యే. పెదనాయన గొంతు చించుకుని "కోటయ్యా!" అని అరిచాడు. జనంలో ఎంతమందో "ఆ!" అని పలికారు. ఈ చుట్టుపక్కల ఇంటికో కోటయ్యో, కోటమ్మో, కొండ కిందున్న యల్లమంద పేరు పెట్టుకున్న యల్లమందయ్యో ఉంటాడు గదా. మైకులో "నకరికల్లు కోటయ్య ఎక్కడున్నా రావలెను" అని చెప్పిస్తే ముగ్గురొచ్చారు. ముగ్గురికీ మీసాలే. అందులో ఒకాయనవి తెల్లవి. పాపం, ఇంటికాడ ఏం జరిగిందోనని పరిగెత్తుకుంటా వచ్చారు.

ఇటు మా పిన్ని ఏడుపు. పెదనాయన కర్ర కూడా మర్చిపోయి ప్రభల వెంట ఉరికాడు. ఒక జాముకి వాణ్ణి మోసుకొచ్చాడు. ఒక ప్రభ వెనకాలే నడుచుకుంటా చాలా దూరం పోయి, ఆగిన బండి కింద గడ్డిలో పడుకున్నాడంట.

"వెనక్కి తిరిగి చూస్తే మేం కనపడేవాళ్లం గదరా అయ్యా!" అంది పిన్ని.

వాడు నిద్రకళ్లతోనే, "పెదనాయన వెనక్కి చూడొద్దన్నాడుగా" అన్నాడు.

ఎవరికీ మాట రాలా. పెదనాయన వాణ్ణి కిందికి దించకుండా అట్టాగే భుజాన వేసుకుని కూర్చున్నాడు. తెల్లారి బండెక్కేటప్పుడు కూడా వాడు ఆయన భుజం మీదే ఉన్నాడు. ఆ తర్వాత ఏడు నుంచి మెట్టెక్కే ముందు చెప్పే మాటకి పెదనాయన ఇంకో ముక్క తగిలించాడు. "కొండ మీదే చూడగూడదు. కిందికొచ్చాక మాటిమాటికీ చూసుకోవాలి, ఎవరున్నారో ఎవరు లేరో."

సరే, నిప్పులు బూడిదవుతున్నయ్. పోయి పడుకోండి. పులిహోరకి చింతపండు నానబెట్టా. కారు కొండ కిందే ఆపమని మీ నాన్నకి చెప్తా. నేను ముప్పై మెట్లకోసారి ఆగుతా, ఎందుకంటే చేంతాడు మెలిపడుద్ది. పావలాలు ఇప్పుడు చెల్లవు గాబట్టి కాకిని చూపించినోళ్లకి వంద రూపాయలు. జెముడుకాకికి యాభై. అది మా పెదనాయన తీర్పు, నేను మార్చను.