ఇంటిగుట్టు, ఎన్నికలపోరు

"ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెతను ఎరుగనివారు మనలో లేరు. విభీషణుడు అన్నను విడిచి సముద్రమున కీవలి యొడ్డు చేరినపుడు లంకలోనివారు అతనిని ద్రోహి యనిరి. ఈవలి యొడ్డున నున్నవారు ధర్మాత్ముడనిరి. చేసిన పని యొక్కటే. చెప్పిన మాట యొక్కటే. వినువారు నిలిచిన చోటు మాత్రము వేరు. ఇంటివారు పలికిన మాట పరులకు ఆయుధమగుటయు, ఒకే మాట రెండు వైపుల రెండు విధములుగ వినబడుటయు ఏనాటినుండియో లోకమున నున్నవే. ఈ రెండు సంగతులను అమెరికా సంయుక్తరాష్ట్రముల ఎన్నికల చరిత్రనుండి కొన్ని దృష్టాంతములతో నేడు మనవి చేయదలచితిని.

ముందుగా అచ్చటి పద్ధతిని కొంచెము చెప్పవలసియున్నది. ఆ దేశమున నాలుగేండ్ల కొకసారి అధ్యక్షపదవికి ఎన్నిక జరుగును. డెమోక్రాటులు, రిపబ్లికనులు అని రెండు పెద్ద పక్షములు కలవు. తమ తరపున ఎవరు నిలువవలెనో పక్షపెద్దలు నలుగురు ఒక గదిలో కూర్చుండి నిర్ణయించుట పూర్వాచారము. క్రమముగ ఆ యధికారము సామాన్యులైన ఓటర్ల చేతికి వచ్చినది. ఒక్కొక్క రాష్ట్రమున ఓటర్లు ముందుగా ఓటువేసి ఆయా పక్షముల అభ్యర్థులను ఏర్పరచుకొందురు. వీనిని ప్రైమరీ యెన్నికలందురు. అనగా పొరుగువానితో పోరుటకు ముందు అన్నదమ్ములు తమలో తాము పోరవలెను. ఆ పోరు నాలుగు గోడల నడుమ గాక రచ్చబండమీద, దేశమంతయు చూచుచుండగా జరుగును.

1964వ సంవత్సరమున రిపబ్లికను పక్షమున ఇద్దరు ప్రముఖులు తలపడిరి. ఒకరు న్యూయార్కు గవర్నరు నెల్సన్ రాక్‌ఫెల్లర్. రెండవవారు అరిజోనా సెనేటరు బారీ గోల్డ్‌వాటర్. చిన్న తరహా అణ్వస్త్రముల ప్రయోగవిషయమున ఐరోపాలోని సేనాపతులకు కొంత స్వాతంత్ర్యముండవలెనని గోల్డ్‌వాటరుగారు అంతకు ముందటి యేడు పలికియుండిరి. రాక్‌ఫెల్లరు వర్గమువారు ఇట్టి మాటలను పట్టుకొని, కాలిఫోర్నియా ప్రైమరీకి ముందు ఓటర్ల యిండ్లకు కరపత్రములను పంపిరి. హైడ్రోజను బాంబు మీటయున్న గదిలో ఎవరుండవలెనని మీరు కోరుదురు అనునదే అందలి ప్రశ్న. జూను 2వ తేదీన కాలిఫోర్నియాలో గోల్డ్‌వాటరుగారే స్వల్పాధిక్యముతో గెలిచిరి. పక్షము వారినే అభ్యర్థిగ నిలిపినది. ఇంటిపోరు ముగిసినది, ఇంటిలో పుట్టిన ప్రశ్న మాత్రము ముగియలేదు.

సెప్టెంబరు 7వ తేదీ రాత్రి డెమోక్రాటు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తరపువారు టెలివిజనులో ఒక నిమిషపు ప్రకటనను ప్రసారము చేయించిరి. పచ్చికబయలిలో ఒక చిన్న బాలిక పూవురేకులను త్రుంచుచు, నడుమ నడుమ లెక్క తప్పుచు, అంకెలు చదువుచుండును. అంతలో ఒక పురుషకంఠము పదినుండి సున్నవరకు వెనుకకు లెక్కించును. వెంటనే అణుబాంబు మంట తెరనంతయు కప్పును. గోల్డ్‌వాటరు పేరు అందు ఒక్కసారియైనను రాలేదు. ఐనను చూచినవారికి తెలియకపోలేదు. రిపబ్లికను పక్షాధ్యక్షుడు డీన్ బర్చ్ మొదలగువారు ఇది హేయమైన దాడియని మండిపడిరి. మేమెవరి పేరును చెప్పలేదుగదాయని డెమోక్రాటులు బదులిచ్చిరి. రుసుము చెల్లించి ఆ ప్రకటనను ప్రసారము చేయించినది ఒక్కసారియే. కాని ఖండించినవారి కేకలవలన వార్తలలో దానిని మరల మరల చూపిరి. కోపముతో చేసిన ఖండనయే ప్రచారమైనది. ఆ యేడు జాన్సనుగారు 44 రాష్ట్రములలో గెలిచిరి. అది యంతయు ఒక నిమిషపు బొమ్మ ప్రభావమనుట సరికాదు. అంతకు ముందునుండియే వారిది పైచేయి. కాని మంటకు తొలి నిప్పురవ్వ రిపబ్లికనుల యింటిలోనే పుట్టినదని ఆనాడు మండిపడినవారిలో ఎందరికి జ్ఞప్తియున్నదో!

ఇరువది యేండ్లు గడచినవి. 1984లో డెమోక్రాటు పక్షమున వాల్టర్ మాండేల్, గారీ హార్ట్ అనువారు పోటీపడిరి. మాండేలుగారి వర్గమువారు ఒక ఎర్రని టెలిఫోనును తెరమీద చూపి, దీనిని ఎత్తు చేతిమీదనే లోకముయొక్క క్షేమము ఆధారపడియున్నదని ప్రకటించిరి. హార్టుగారు అనుభవము చాలనివారని దాని భావము. మాండేలుగారు పక్షమును గెలిచిరి, దేశమును గెలువలేదు. రొనాల్డ్ రీగన్ 49 రాష్ట్రములను తన వశము చేసికొనిరి.

1988లో మరియొక ముచ్చట. మాసచూసెట్సు గవర్నరు మైకేల్ డుకాకిస్ పాలనలో ఖైదీలను కొన్నిదినములు బయటకు పంపు పద్ధతి యుండినది. ఏప్రిలులో న్యూయార్కు ప్రైమరీకి ముందు జరిగిన చర్చలో స్వపక్షీయుడైన అల్ గోర్ ఆ విషయమునెత్తి ప్రశ్నించిరి. అట్లు బయటకు వచ్చిన ఖైదీ యొకడు చేసిన ఘోరమును గూర్చి వార్తాపత్రికలు అంతకుముందే వ్రాసియుండెను. గోరుగారు ఆ ఖైదీ పేరునుగాని జాతినిగాని ఎత్తలేదు. కాని రిపబ్లికను అభ్యర్థి జార్జి బుష్ కొలువులోని పరిశోధకులు ఆ చర్చాపాఠమును చదివిరి. శరత్కాలమునాటికి ఖైదీల ప్రస్తావన డుకాకిసుగారిపై ప్రధానాస్త్రమైనది. బుష్‌గారి వర్గముతో సంబంధము లేదని చెప్పుకొన్న ఒక సంఘమువారు నల్లవాడైన ఆ ఖైదీ ముఖచిత్రమునే తెరకెక్కించిరి. ఇంటిలో ప్రశ్నగ మొదలైనది బయట విషమైనది. బుష్‌గారు 40 రాష్ట్రములలో గెలిచిరి.

ఇక 2008వ సంవత్సరపు సంగతి. డెమోక్రాటు పక్షమున హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా గార్లకు హోరాహోరి పోరు జరుగుచుండెను. మార్చి 4వ తేదీన టెక్సాసు, ఒహైయో మొదలగు నాలుగు రాష్ట్రములలో ఎన్నికలు. అంతకు నాలుగుదినములు ముందు, ఫిబ్రవరి 29న, క్లింటనుగారి ప్రకటన యొకటి వెలువడినది. రాత్రి మూడుగంటలు, బిడ్డలు నిదురించుచున్నారు, అధ్యక్షభవనమున టెలిఫోను మ్రోగుచున్నది, లోకమున ఎచ్చటనో ఏదియో జరుగుచున్నది, దానిని ఎత్తువా రెవరు? తుదకు క్లింటనుగారు కళ్లజోడుతో ఫోనునెత్తి మాటలాడుచు కనబడుదురు. 1984 నాటి ఎర్ర టెలిఫోను ప్రకటనలో చేయియున్న రాయ్ స్పెన్స్ అనువారే దీనియందును పాలుగొనిరి.

ఒబామాగారు ఆ దినముననే బదులు చెప్పిరి. అట్టి టెలిఫోను ఒకసారి మ్రోగనే మ్రోగినది, అది ఇరాకు యుద్ధమునాడు. అపుడు 2002లో సెనేటున క్లింటనుగారు యుద్ధానుమతికి ఓటువేసి తప్పుత్రోవ త్రొక్కిరి అని వారి వాదము. భయపెట్టి ఓటడుగుట తగదని ఆ వర్గమువారు గర్హించిరి. దేశరక్షణను గూర్చి అడుగుట భయపెట్టుట యెట్లగునని ఈ వర్గమువారు ప్రశ్నించిరి. హార్వర్డు ఆచార్యుడు ఆర్లాండో ప్యాటర్సన్ న్యూయార్కు టైమ్సులో వ్రాయుచు, ఆ బొమ్మల వెనుక నల్లవారినిగూర్చిన పాతభయము నీడవలె నున్నదనిరి. క్లింటను పక్షమువారు అది కల్లయనిరి. ఇక విచిత్రమైన సంగతి. ఆ ప్రకటనలో పండుకొన్న బిడ్డల చిత్రములు ఏండ్లనాడు తీసి యమ్మకమునకు పెట్టినవి. అందలి బాలిక యొకతె అప్పటికి పదునేడేండ్లది, ఒబామాగారి అభిమానురాలు!

క్లింటనుగారు ఒహైయోను, టెక్సాసు ప్రైమరీని గెలిచిరి. కాని అభ్యర్థిత్వము ఒబామాగారికే దక్కినది. ఆగస్టున ఆ పక్షము డెన్వరు నగరమున మహాసభ జరుపుచుండగనే రిపబ్లికను అభ్యర్థి జాన్ మెకేన్ ఒక ప్రకటనను విడిచిరి. అందున్నది క్లింటనుగారి టెలిఫోను బొమ్మయే! మెకేనుగారికి జీవితకాలపు అనుభవము కలదు, ఒబామాగారికి 2002లో చేసిన ఒక ఉపన్యాసము కలదు అని ఆమె మార్చి ప్రాంతమున ఆడిన మాటయే! 2002వ సంవత్సరపు చట్టము ప్రకారము ప్రతి యభ్యర్థియు తన ప్రకటనలో ఇది నాకు సమ్మతమని స్వయముగ చెప్పవలెను. ఆ వాడుకను తిరుగవేసి, ఈ ప్రకటన నాకు సమ్మతము కాదని క్లింటనుగారు తమవారి యెదుట హాస్యముగ పలికిరి. పెదవి దాటిన మాట పృథివి దాటునని మన పెద్దలన్నది ఇందుకే.

శ్రోతలారా! ఒకే ప్రకటనను చూచి ఒకరు న్యాయమనుటయు, ఒకరు నీచమనుటయు ఎందువలన? 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మౌత్ అను కళాశాలల నడుమ మొరటుగ ఒక బంతియాట జరిగినది. తరువాత ఇద్దరు పండితులు ఆ యాట చలనచిత్రమును రెండు కళాశాలల విద్యార్థులకును చూపి, తప్పులను లెక్కింపుమనిరి. డార్ట్‌మౌత్ ఆటగాండ్ర తప్పులు సొంతవిద్యార్థులకు కనబడినదానికంటె రెండింతలకు పైగా ప్రిన్స్‌టన్ వారికి కనబడెను. చిత్రమొక్కటే, కన్నులు వేరు. వారు అబద్ధమాడలేదు, నిజముగనే అట్లు చూచిరి. ఇందే ప్రమాదమున్నది. ఇట్టి దాడులు ఓట్లు తెచ్చునాయని నూరుకు పైబడిన పరిశోధనలను 2007లో కొందరు విద్వాంసులు కూర్చి పరిశీలించిరి. దాడిమాట జ్ఞాపకమున నిలుచునుగాని, గెలుపు తెచ్చునని రుజువు లేదని తేల్చిరి.

అట్లని ఇంటిలో ప్రశ్నయే తగదనరాదు. ప్రశ్నింపని యిల్లు బాగుపడదు. విభీషణుడు సభలో పలికిన హితమును రావణుడు వినియున్న, ఆవలి యొడ్డు చేరవలసిన పనియే యుండకపోయెను. అణ్వస్త్రములు ఎవరి చేతిలో నుండవలెననుట అడుగదగిన ప్రశ్న. యుద్ధానుమతికి ఓటెవరు వేసిరనుటయు అడుగదగినదే. అడుగరానిది బిడ్డల నిదురను చూపి వెన్ను వణికించుట. మనుష్యుని జాతిని నీడగ నిలుపుట. ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. భయమునకు సమాధానము లేదు.

నలుగురు కూడినచోట తీర్పు చెప్పవలసిన పెద్దలకు ఇందుండి ఒక చిన్న ఉపాయము లభించుచున్నది. ఒకరిపై మరియొకరు మోపిన నిందను విన్నపుడు, పేర్లను తారుమారు చేసి మరల వినవలెను. మనవానిపై వచ్చిన నిందయే అవతలివానిపై వచ్చియుండిన మనమేమందుము? రెండుసార్లును ఒకటే తీర్పు వచ్చిన యెడల అది న్యాయము. వేరువేరు తీర్పులు వచ్చిన, తప్పు ప్రకటనయందే కాదు, మన కన్నులయందును కలదు.

కథకొక ముగింపు కలదు. 2008 నవంబరులో ఒబామాగారు అధ్యక్షులుగ ఎన్నికైరి. మూడుగంటలవేళ ఆయన ఫోనునెత్తదగునా యని యడిగిన క్లింటనుగారినే వారు విదేశవ్యవహారములకు మంత్రిగ పిలిచిరి. ఆమె 2009నుండి 2013వరకు ఆ పదవిని నిర్వహించిరి. పోరిన యిరువురును ఒక్క కొలువున పనిచేసిరి. వారినిబట్టి యిరుగుపొరుగులు వైరము పూనియుండిన, ఆ వైరము ఎవరికి మిగిలినట్లు?