హైబ్రిడ్ సోలార్: కరెంటు పోయినా ఫ్యాన్ ఆగదా?

మేడ మీద సోలార్ ఉన్నా సహరీ వేళ కరెంటు పోతే చీకటేనా? ఆన్‌గ్రిడ్ సిస్టమ్ అయితే అంతే. పగలైనా సరే, సరఫరా ఆగగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదనే ఈ ఏర్పాటు.

హైబ్రిడ్‌లో బ్యాటరీ అదనం. సాధారణంగా ప్యానెళ్ల కరెంటు ముందు ఇంటి వాడకానికి, తర్వాత బ్యాటరీకి వెళ్తుంది. మిగిలింది నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కు చేరుతుంది. సరఫరా ఆగితే ఇన్వర్టర్ గ్రిడ్ నుంచి విడిపోయి, బ్యాటరీతో ఇంటిని నడిపిస్తుంది.

ఎంత బ్యాటరీ కావాలి? 75 వాట్ల ఫ్యాన్లు 4, 10 వాట్ల బల్బులు 5 వేసుకుంటే మొత్తం 350 వాట్లు. 5 యూనిట్ల లిథియం బ్యాటరీలో 80 శాతం, అంటే 4 యూనిట్లు వాడుకున్నా దాదాపు 10 గంటలు వస్తుంది. ఏసీ, గీజర్ కలిపితే లెక్క మారిపోతుంది.

పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ ఉంది. అది ప్యానెళ్ల కెపాసిటీని బట్టి ఇచ్చేదే, బ్యాటరీ ఖర్చు మనదే. కోతలు పెద్దగా లేనిచోట ఆన్‌గ్రిడ్ చాలు. ఆక్సిజన్ మిషన్ మీద పెద్దవాళ్లున్న ఇంటికి మాత్రం బ్యాకప్ తప్పనిసరి. కొటేషన్‌లో బ్యాటరీ ఎన్ని యూనిట్లు, వారంటీ ఎన్నేళ్లు అన్నది రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.