తుంగ తప్పు పేరు కాదు

వినాయక చవితికి చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి ముందుకు గరిక వెళ్తుంది, తుంగ వెళ్లదు. రెండూ ఒకే గట్టున మొలిచి ఒకే కలుపుతీతలో పోయేవే. చాపకు కోసేదీ, చెరకు చాళ్లలో పీకేదీ వేర్వేరు మొక్కలైనా రెంటినీ తుంగ అనడం పల్లెవాళ్ల అజాగ్రత్త అంటారు కొందరు. కాడను వేళ్ల మధ్య దొర్లించి చూస్తే ఆ మాట నిలవదు. గరిక కాడ నున్నగా తిరుగుతుంది, ఆ రెండు తుంగల కాడలూ మూడు పలకలుగా తగులుతాయి. గరికది గడ్డి కుటుంబం, తుంగది వేరు. ఇంగ్లిషువాళ్లే దీన్ని 'నట్ గ్రాస్' అని గడ్డిలో కలిపేశారు.

చరకుడికి తుంగ గడ్డలు, అంటే తుంగముస్తలు, జ్వరానికీ, అతిసారానికీ మందు. కాళిదాసు శాకుంతలంలో అడవిపందులు మడుగుల్లో వాటినే పెళ్లగిస్తాయి. అక్కణ్నుంచి వెయ్యేళ్లకు పైగా ఒక్క అంగలో దాటి సామర్లకోట చేరదాం. కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికొచ్చి, 1793లో కలకత్తా వెళ్లేదాకా తోట పెంచాడు, మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు, లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు ఎక్కించాడు. రాజమహేంద్రవరం సర్కారులో చెరకు సాగు, బెల్లం వంట గురించి కూడా రాశాడు. దొరగారికి ఏది కనబడినా కాగితం మీద పెట్టందే నిద్రపట్టేది కాదేమో! చాపలల్లే తుంగకు ఆయన పెట్టిన పేరు 'సైపరస్ టెజెటమ్', అంటే చాపల తుంగ. ప్రజాతికో పేరు, వాడకాన్ని బట్టి మరో ముక్క. తుంగచాప, తుంగముస్తలు అనే మన పల్లెల పద్ధతీ అదే కదా.

పేరెంత బాగున్నా పంటకు చేటే కదా అనొచ్చు. నిజమే. లేత చెరకు చాళ్లు కమ్ముకునేలోపు తుంగ ఎండంతా తాగేస్తుంది. భూమిలో గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి, పార తగిలి గొలుసు తెగితే ముక్కముక్కా మొలుస్తుంది. 1977లో కలుపు శాస్త్రవేత్త హోమ్ బృందం ప్రపంచ కలుపు మొక్కల పుస్తకంలో దీనికే అగ్రస్థానమిచ్చింది. కానీ పొలంలోనూ ఆ పాత పేరే అక్కరకొస్తుంది. గడ్డిజాతిని మాత్రమే చంపే మందు తుంగ మీద పనిచేయదు. గరికనూ తుంగనూ గడ్డి కిందే జమకడితే డబ్బు దండగ.

తర్వాతి కథ కాస్త చిందరవందర. ఇళ్లలో తుంగచాప స్థానంలో ప్లాస్టిక్ చాప పరుచుకుంది. సున్నిపిండిలోకి తుంగముస్తలు పచారీ కొట్లో కొంటాం, పొలంలో అదే మొక్కను పీకడానికి కూలి ఇస్తాం. కలుపు రాకుండా మడుల మీద పరిచే ప్లాస్టిక్ షీటును మాత్రం తుంగ సూదిమొలకతో పొడుచుకుని పైకొస్తుంది.