తునికాకులో తేమ

మన ప్రాంత చరిత్ర అనగానే కోటలూ, శాసనాలూ, నైజాం ఫర్మానాలూ గుర్తుకు వస్తాయి. ఉత్తర తెలంగాణలో వేలాది కుటుంబాల చరిత్ర మాత్రం ఒక ఆకులోని తేమ మీద నడిచింది. అదే తునికాకు. ప్రభుత్వ కాగితాలలో దాని పేరు నేటికీ అబ్నూస్, అంటే నల్లచేవ మాను. నిజాం పాలన పోయినా ఆ ఫారసీ మాట చట్టాలలో నిలిచిపోయింది.

ఆదిలాబాదు, కరీంనగర్ అడవులలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలను కొట్టివేస్తారు. సుమారు నలభై అయిదు రోజులకు లేత చిగుళ్ళు ఆకులై అందివస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే అడవికి పోయి ఆకు తెంపుతారు. ఏభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. సాయంత్రం కల్లంలో కల్లేదారు ఆ కట్టలను లెక్కపెడతాడు.

అసలు విద్య అక్కడే మొదలవుతుంది. పచ్చి కట్టలను నేల మీద వరుసగా పరచి, తిరగవేస్తూ ఎండబెట్టాలి. లోపలి ఆకులో తడి మిగిలితే సంచిలో బూజు పడుతుంది. అతిగా ఎండితే ముట్టుకోగానే పొడి అవుతుంది. అందువలన ఎండిన కట్టల మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడిన తరువాత చల్లపూట గోనె సంచులలో నింపుతారు. ఎండబెట్టిన దానినే మళ్ళీ తడపటం వింతగా తోచవచ్చు. కానీ ఆకు బతికేది ఆ రెండింటి నడుమనే. మే నెలలో ఒక్క అకాల వర్షం పడితే ఆకు మచ్చలు పడి, కల్లమంతా పాడవుతుంది.

ఇంతకీ ఆ నష్టం ఎవరిది? లెక్క ముగిశాక సరుకు గుత్తేదారుది కనుక నష్టమూ అతనిదే కావాలి. కానీ ఎండలో పాడయ్యే ఆకుకు ముందే పరిహారంగా, నూటికి పైన కొన్ని కట్టలు కొసరుగా గుంజుకొనే ఆచారం ఉండేది. వాన భయం గుత్తేదారుది, దాని మూల్యం కూలీది. 1971లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్నతరహా అటవీ ఫలసాయ వ్యాపార నియంత్రణ చట్టం తెచ్చి అబ్నూస్ ఆకు వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. అయినా కల్లంలో కొలత వెంటనే మారలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రతో వినవచ్చిన రైతుకూలీల గొంతు, తరువాతి ఏళ్ళలో కల్లాల దాకా చేరింది. కట్ట ధర పెంచాలనే పోరాటం ఈ రెండు జిల్లాలలో ఊరూరా సాగింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ సభ ప్రధానంగా భూమి కోసం. కానీ అది ఆకు కాలమే అన్నది మరువరాదు. ఆకు ఏరిన చేతులూ, భూమి అడిగిన చేతులూ ఒక్కటే.

ఆకు ప్రయాణం అడవితో ముగియదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలలో ఇంటి గడపలలో కూర్చున్న స్త్రీలు దానిని మళ్ళీ నీళ్ళలో నానవేసి, తడిగుడ్డలో చుట్టి, కత్తెరతో కత్తిరించి, తంబాకు నింపి బీడీ చుడతారు. కార్ఖానాలో బట్టీ మీద ఆ తడిని మరల తీసివేస్తారు. ఎండు ఆకు ఇచ్చినా, మచ్చల ఆకు ఇచ్చినా వెయ్యి బీడీల లెక్క తప్పరాదు. తరుగు పడితే ఆమె కూలిలోనే కోత. అడవిలోని కొసరే ఊరికి వచ్చి తరుగు అయింది.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976 నాటి సంక్షేమ నిధి చట్టం కార్మికులకు కొంత రక్షణ ఇచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును పేరుతో సహా అడవి బిడ్డల హక్కుగా చేర్చింది. 2016 అక్టోబరులో పాత రెండు జిల్లాలూ ముక్కలయ్యాయి గానీ ఆకు తెంపే చేతులు మారలేదు.

బీడీ ఆరోగ్యానికి హాని అనటంలో సందేహం లేదు. తంబాకు ధూళిలో బతుకు వెళ్ళదీసిన తల్లులకు ఆ సంగతి మనకంటె బాగా తెలుసు. బీడీ ఒకనాటికి పోవచ్చు, పోవాలి కూడా. పోయేనాటికి వారి చేతికి మరొక పని అందించటం మన బాధ్యత. లేకుంటే ఆ నష్టాన్ని కూడా కొసరులాగా వారి నెత్తినే వేసిన వారమవుతాము.